మన ఎండల్లో ఆర్కిడ్ల పెంపకం

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు పెంపకందారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పర్లాకిమిడిలో ఆర్కిడ్ల గురించి మాట్లాడబోతున్నానని తెలిసి మా రాయగడలో ఒకరిద్దరు మిత్రులు నవ్వారు. సిక్కింలోనో, డార్జిలింగ్‌లోనో మంచు పట్టిన లోయల్లో పూసే పువ్వును గజపతి జిల్లా ఎండలకు తీసుకొస్తానంటావేమిటని వారి ప్రశ్న. ఈ అనుమానం మీలోనూ చాలామందికి ఉండే ఉంటుంది. మన దేశంలో ఆర్కిడ్ల జాతీయ పరిశోధన కేంద్రాన్ని 1996లో సిక్కింలోని పాక్యోంగ్‌లో నెలకొల్పారు, బజారులో ఖరీదుగా కనిపించే మొక్కలు కొన్ని ఆ కొండల నుంచే వస్తాయి, కనుక ఇది చలి ప్రాంతపు మొక్క అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. అయితే ఆర్కిడ్ కుటుంబంలో దాదాపు 28,000 జాతులున్నాయి, వాటిలో అత్యధిక భాగం ఉష్ణమండలానివే. మంచు కొండల్లో పెరిగేవి ఉన్నాయి, మన ఎండను తట్టుకునేవీ ఉన్నాయి. మన పని ఆ రెండింటినీ వేరు చేసి తెలుసుకోవడం, ఆ తర్వాత వేరుకు ఏం కావాలో గ్రహించడం.

దూరం పోనక్కరలేదు. మహేంద్రగిరి వాలుల మీద గానీ, రాయగడ నుంచి కోరాపుట్ వెళ్లే ఘాట్ రోడ్డు పక్కన గానీ పాత మామిడి చెట్ల కొమ్మలను తలెత్తి చూడండి. పట్టీల వంటి దళసరి ఆకులు రెండు వరుసలుగా ఎదురెదురుగా అమరి, పెన్సిలంత లావు వేర్లు గాలిలోకి వేలాడుతూ కనిపించే మొక్క వాండా టెస్సెలేటా. ఒడియా వారు దీన్ని రాస్నా అంటారు, నాటు వైద్యంలో వాడతారు. వేసవిలో మొదలై వానల్లోకి పూస్తుంది. పువ్వు రెండు అంగుళాలకు మించదు. ఆకుపచ్చ, పసుపు కలిసిన రేకల మీద గోధుమరంగు గళ్లు వల అల్లినట్టు పరుచుకుని ఉంటాయి, మధ్యలో పెదవి మాత్రం ఊదా నీలం. దగ్గరికి వెళ్లి వాసన చూస్తే గానీ దాని అసలు విలువ తెలియదు. దీన్ని ఆధునిక శాస్త్రానికి పరిచయం చేసిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకు అధిపతిగా వెళ్లే ముందు ఏళ్ల తరబడి మన సామర్లకోటలోనే పనిచేశాడు. కోరమాండల్ తీరపు మొక్కలకు స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించి ఆయన సిద్ధం చేసిన గ్రంథంలో ఈ మొక్క కూడా ఉంది. అంటే ఆర్కిడ్ మనకు పరాయి మొక్క కాదు, మనం చూడటం మానేసిన మొక్క.

అదొక్కటే కాదు. నక్కతోకలా పూలగుత్తి వేలాడే రింకోస్టైలిస్ రెటూసా, ఘాటైన సువాసన గల ఎరిడెస్ ఒడొరాటా, ఆకులన్నీ రాల్చుకుని మోడువారిన కాండం మీద పూసే డెండ్రోబియం ఎఫిల్లమ్, తాటి చెట్ల మీద సైతం బతికే సింబిడియం అలోయిఫోలియం, ఇవన్నీ తూర్పు కనుమలవే. నక్కతోక ఆర్కిడ్ అస్సాం రాష్ట్ర పుష్పం, బిహూ నాడు అక్కడి ఆడపిల్లలు దాన్ని కొప్పులో తురుముకుంటారు. మనకు అడవిలో ఉన్నా పేరు తెలియదు.

ఈ మొక్కలు చెట్ల మీద పెరుగుతాయి కాబట్టి చెట్టు రసం పీల్చి బతుకుతాయని చాలామంది అనుకుంటారు, బదనికతో కలిపి వీటినీ కోసి పారేస్తారు. అది అన్యాయం. బదనిక కొమ్మలోకి వేరు దింపి రసం తాగుతుంది. ఆర్కిడ్ బెరడును పట్టుకుని కూర్చుంటుందే తప్ప చెట్టు నుంచి ఏమీ తీసుకోదు. వాన నీరు, గాలిలోని తేమ, బెరడు సందుల్లో చేరిన ఆకుల పొడి, పక్షుల రెట్ట, ఇదీ దాని ఆహారం.

ఇంత తక్కువతో అది ఎలా బతుకుతుందో అర్థమైతే పెంపకంలో సగం పని అయినట్టే. ఆర్కిడ్ వేరు మీద వెలమెన్ అనే పొర ఉంటుంది. అవి జీవం లేని ఖాళీ కణాలు. పొడిగా ఉన్నప్పుడు వాటి నిండా గాలి ఉంటుంది కాబట్టి వేరు వెండి తెలుపులో మెరుస్తుంది. దాని మీద నీళ్లు చిలకరించి పక్కనే నిలబడి చూడండి. కొద్ది క్షణాల్లోనే తెలుపు చెదిరి, లోపలి ఆకుపచ్చ పైకి తేలుతుంది. నీరు తాగడం అంటే అదే. మళ్లీ గాలి తగిలి నీరు ఆరేసరికి వేరు తెల్లబడుతుంది. ఉతికి దండెం మీద వేసిన బట్ట ఎలా ఆరుతుందో ఈ వేరూ అలా, తడిసిన పూటే ఆరాలి. ఆరకుండా రోజుల తరబడి తడిగా ఉన్న వేరు కుళ్లుతుంది. వేరు గోధుమరంగుకు తిరిగి, వేళ్లతో పట్టి లాగితే పైతొక్క తొడుగులా ఊడి వచ్చి మధ్యలో సన్నని దారం వంటి నార మాత్రం మిగిలితే ఆ వేరు పోయినట్టు లెక్క. ఆకు వాడిందని మనం మరిన్ని నీళ్లు పోస్తాం. నీరు తాగే వేరే లేకపోతే ఎన్ని నీళ్లు పోసి ఏం లాభం?

రెండో సంగతి ఆకుది. మామూలు మొక్కలు పగటిపూట ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి, ఆ వెంటే నీటిని ఆవిరిగా కోల్పోతాయి. వాండా, ఫెలనోప్సిస్, చాలా రకాల డెండ్రోబియంలు ఆ పని రాత్రిపూట చేస్తాయి. పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి, అవసరమైన బొగ్గుపులుసు వాయువును అప్పుడే నిల్వ చేసుకుంటాయి. ఎడారి మొక్కలు చేసే పని ఇదే. కాబట్టి వీటికి పగటి వేడి కంటే రాత్రి ఎలా గడిచిందన్నది ముఖ్యం. ముప్పై రెండు, ముప్పై మూడు డిగ్రీలు దిగని ఉక్కపోత రాత్రులు, గాలి కదలని మూల, ఇవే మొక్కను కుంగదీస్తాయి.

ఇక్కడ ఇంగ్లండు వారి అనుభవం ఒకటి చెప్పుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఉష్ణదేశాల నుంచి ఓడల నిండా ఆర్కిడ్లు తెప్పించుకున్న అక్కడి ధనికులు, ఇవి వేడి దేశపు మొక్కలు కదా అని అద్దాల గదుల్లో పెట్టి, తలుపులు బిగించి, పొయ్యిలతో వేడి పుట్టించి, ఆవిరి పట్టించారు. మొక్కలు కుప్పలుగా చచ్చాయి. 1830ల్లో చాట్స్‌వర్త్ తోటను చూసుకున్న జోసెఫ్ పాక్స్‌టన్ వేడి తగ్గించి, కిటికీలు తెరిపించి, నేలను తడిపి గాలి ఆడనిచ్చాకే అవి నిలదొక్కుకున్నాయి. ఆ పాక్స్‌టన్ పంపిన తోటమాలి ఒకరు మన ఖాసీ కొండల దాకా వచ్చి ఆర్కిడ్లు సేకరించుకుపోయాడు కూడా. ఆనాటి వారు పొయ్యి రాజేసి చేసిన పనినే మనం పడమటి గోడకు ఆనించి, మూడు వైపులా మూసిన బాల్కనీలో పొయ్యి అక్కరలేకుండా చేస్తున్నాం.

వేడి నేలలో ఆర్కిడ్ పెంచవచ్చు అనడానికి థాయిలాండ్‌ను మించిన సాక్ష్యం లేదు. బ్యాంకాక్ చుట్టుపక్కల జిల్లాల్లో కొబ్బరి డొక్కల మీద, నీడ వలల కింద, చల్లబరిచే యంత్రమేదీ లేకుండా పండించే డెండ్రోబియంలు లోకమంతా ఎగుమతి అవుతున్నాయి. మన పెళ్లి పందిళ్లలో వేలాడే ఊదా తెలుపు పూల కాడలు ఆ జాతివే. సింగపూరు 1981లో తన జాతీయ పుష్పంగా ఎంచుకున్న వాండా మిస్ జోకిమ్‌కు నీడే అక్కరలేదు, నిండు ఎండలో పూస్తుంది. ఆగ్నెస్ జోకిమ్ అనే మహిళ తోటలో పుట్టిన ఆ సంకరాన్ని 1893లోనే లోకానికి తెలిపారు.

అయితే మన ప్రాంతం అంతా ఒకటే వాతావరణం కాదు, ఈ మాట నేను నొక్కి చెప్పాలి. బరంపురం, గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు సముద్రపు గాలి ఉంటుంది. ఎండ మరీ విపరీతం కాదు గానీ చెమట ఆరదు. అక్కడ ఆర్కిడ్‌కు తేమ కొదవ లేదు, తడి ఆరకపోవడమే చిక్కు. గుణుపురం, రాయగడ లోపలి ప్రాంతాల్లో మే నెలలో పాదరసం నలభై దాటుతుంది, మధ్యాహ్నం వడగాలి ఆకును ఒరిపిడి పెడుతుంది. అక్కడ తేమ పుట్టించడమే పని. ఇక కోరాపుట్ పీఠభూమి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, చలికాలపు రాత్రులు వణికిస్తాయి. బరంపురంలో మా బావమరిది తన కుండీలకు ఏం చేస్తాడో అది నేను రాయగడలో చేస్తే మొక్క ఎండుతుంది, నేను చేసేది ఆయన చేస్తే కుళ్లుతుంది. పుస్తకంలో రోజుకు ఇన్నిసార్లు నీళ్లు పోయాలని రాసి ఉంటే దాన్ని పక్కన పెట్టండి. రాసినవారు ఏ ఊళ్లో కూర్చుని రాశారో మనకు తెలియదు.

ఏ మొక్క కొనాలి? మొదటిసారి పెంచేవారు డెండ్రోబియం సంకరాలతో, ముఖ్యంగా సోనియా రకంతో మొదలుపెట్టండి. తీరంలోనూ లోపలా కూడా బతుకుతుంది, చిన్న పొరపాట్లు క్షమిస్తుంది, సాకితే ఏడాదిలో ఒకటికి రెండుసార్లు పూస్తుంది. చేయి తిరిగాక వాండా, దానితో కలిపి పుట్టించిన సంకరం మొకారా. వీటికి వెలుగు ఎక్కువ కావాలి, రోజూ నీళ్లు కావాలి, కానీ వేడికి జంకవు. ఫెలనోప్సిస్ బజారులో అన్నిటికంటే అందంగా కనిపిస్తుంది, బహుమతిగా ఇస్తారు. అది వేడిలో బతుకుతుంది గానీ, రాత్రులు ఇరవై ఆరు డిగ్రీల కంటే దిగువకు కొన్ని వారాల పాటు దిగితేనే పూల కాడ వేస్తుంది. కనుక మన దగ్గర కార్తీక మార్గశిరాల చల్లదనానికి కాడ పుట్టి, మాఘం నాటికి పూయాలి. మే నెలలో పూయలేదని దాన్ని నిందించి ప్రయోజనం లేదు. పెద్ద పూల సింబిడియం సంకరాలను మాత్రం మైదానంలో కొనకండి. వాటికి పది, పన్నెండు డిగ్రీల రాత్రులు కావాలి. ఆకులు గడ్డిలా ఏపుగా పెరుగుతాయి, ఏళ్లు గడిచినా పువ్వు రాదు. సిమిలిగుడ, పొట్టంగి వైపు ఉన్నవారు ప్రయత్నించవచ్చు. నోబిలే జాతి డెండ్రోబియంలకూ ఇదే వర్తిస్తుంది, చలీ ఎండబెట్టడమూ లేకుంటే అవి పూయవు. ఇవేవీ చెప్పకుండా పువ్వు చూపించి అన్నీ అంటగట్టే అమ్మకందారులు ఉన్నారు, పేర్లు అనవసరం.

స్థలం సంగతికి వస్తాను. తూర్పు ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటు మేలు. డాబా మీద పెంచేవారికి నీడ వల తప్పదు. డెండ్రోబియం, వాండాలకు ఎండను యాభై శాతం ఆపే వల చాలు, ఫెలనోప్సిస్‌కు డెబ్బై ఐదు కావాలి. వలను తల తగిలేంత కిందకు కట్టడం మనవాళ్లకు అలవాటు. నల్ల వల ఎండకు కాగి ఆ వేడిని కిందికి వదులుతుంది, అందుకని కనీసం పది అడుగుల ఎత్తున, నాలుగు వైపులా తెరిచి కట్టాలి. వెలుగు సరిపోయిందా లేదా అన్నది ఆకే చెబుతుంది. ఆకు ముదురాకుపచ్చగా, మెత్తగా సాగితే నీడ ఎక్కువైనట్టు, అది చూడటానికి బాగుంటుంది కానీ పూయదు. లేత పసుపు కలిసిన ఆకుపచ్చ సరైన రంగు. ఎర్రబారితే హద్దు దగ్గరికి వచ్చినట్టు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు గంటలకు ఆకును చేత్తో పట్టుకుని చూడండి. మీ చేతి కంటే ఆకు వేడిగా ఉంటే ఆ చోటు మార్చండి. మర్నాటికి తెల్లని మచ్చ, వారానికి నల్లని మచ్చ తేలుతుంది, ఆ మచ్చ ఇక పోదు.

డాబా గచ్చు పగలంతా కాగి రాత్రి పది దాకా సెగలు కక్కుతుంది. ఆకు రంధ్రాలు తెరుచుకునేది ఆ వేళకే. కాబట్టి కుండీల కింద ఇసుకో, కంకరో పరిచి, సాయంత్రం మొక్కలను కాక ఆ నేలను తడపండి. లోపలి జిల్లాల్లో ఉన్నవారు పడమటి వైపు గోనెపట్టాలు వేలాడదీసి మధ్యాహ్నం తడిపితే వడగాలి చల్లబడి లోపలికి వస్తుంది. తీరంలో ఉన్నవారికి గోనెపట్టా వద్దు, ఒక చిన్న ఫ్యాన్ రాత్రంతా తిరిగితే చాలు.

కుండీలో మట్టి వేయకూడదు. ఎర్రమట్టి కాదు, వర్మీ కంపోస్టు కాదు, పేడ అసలే కాదు. పిడికెడు పేడ వేస్తే బలం వస్తుందనుకునే ప్రేమ మనకు ఎక్కువ. అది తడిసి గడ్డకట్టి వేరుకు గాలి అందనివ్వదు. కర్ర బొగ్గు, ఇటుక ముక్కలు, పాత పెంకుటిళ్లు విప్పినప్పుడు దొరికే పెంకు ముక్కలు, ఇవి మనకు చేతికందే సామాను. వాటిని ఉసిరికాయంత పరిమాణంలో కొట్టి, దుమ్ము కడిగి వాడాలి. కొబ్బరి డొక్క ముక్కలు లోపలి జిల్లాల వారికి మంచివి, ఎందుకంటే నీటిని కాసేపు పట్టి ఉంచుతాయి. కానీ వాటిలో లవణాలు ఉంటాయి కనుక నీళ్లు మార్చుతూ కొన్ని రోజులు నానబెట్టి, ఎర్రటి నీరు రావడం తగ్గాకే వాడాలి. కొబ్బరి డొక్క రెండేళ్లకు చివికిపోతుంది, అప్పుడు మార్చక తప్పదు. బొగ్గుకు ఆ బెడద లేదు. కుండీ మట్టిదైతే మేలు. పక్కలకు కూడా రంధ్రాలు పెట్టి కాల్చి ఇవ్వమని మన కుమ్మరులను అడిగితే చేసిస్తారు. పింగాణీ కుండీలు ముందు గదికి, ఆర్కిడ్‌కు కాదు.

వాండాకు కుండీ కూడా అక్కరలేదు. టేకు ముక్కల బుట్టలో కూర్చోబెట్టి వేలాడదీస్తే చాలు. పెరట్లో చెట్టు ఉన్నవారు దానికే కట్టండి. మామిడి, చింత, దేవగన్నేరు, కొబ్బరి మంచివి. జామ, నీలగిరి బెరడు ఊడిపోతుంది కాబట్టి పనికిరావు. కట్టడానికి వానాకాలం మొదలు సరైన సమయం. కొత్త వేరు తలెత్తుతూ ఉన్న మొక్కను తీసుకుని, బెరడుకు ఆనించి, నూలు గుడ్డ పీలికతో కదలకుండా బిగించాలి. కదిలితే వేరు కొన నలిగి ఆగిపోతుంది. ఆ పీలిక చివికి ఊడే నాటికి వేరు బెరడును పట్టేసి ఉంటుంది.

నీళ్ల విషయంలో ఎన్నిసార్లు అన్న లెక్క కంటే వేరు రంగు చూడటం నేర్చుకోవడం మంచిదని ఇందాకే అన్నాను. ఉదయం ఎనిమిది లోపు, వేళ్లన్నీ పచ్చబడేదాకా తడపండి. ఒకసారి చిలకరించి ఊరుకుంటే పై పొర తడుస్తుంది గానీ లోపలికి చేరదు. తడిపి, అయిదారు నిమిషాలు ఆగి, మళ్లీ తడపాలి. వేలాడే వాండాను బకెట్ నీళ్లలో పావుగంట వేళ్ల వరకు ముంచి తీసినా సరే. లోపలి జిల్లాల్లో వేసవిలో సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ఇంకోసారి పలచగా చిలకరించవచ్చు, చీకటి పడేలోగా ఆకు మొదళ్లు ఆరిపోవాలి. ఒక జాగ్రత్త. మిట్టమధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లు, ఎండలో పడి ఉన్న పైపులోని నీళ్లు చేయి కాలేంత వేడిగా ఉంటాయి. ఆ నీళ్లు తిన్నగా మొక్క మీద పడితే వేళ్లు ఉడుకుతాయి.

మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. కుండీ అంచున, ఆకు మీద తెల్లని పొర కడితే అది ఉప్పే. నీటిలో కరిగిన లవణాలు ఎంతో, అంటే టీడీఎస్, చూపే చిన్న మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది. రెండు వందల లోపు ఉంటే నిశ్చింత. నాలుగైదు వందలు దాటితే వాన నీరు పట్టి దాచుకోండి, లేదా ఏసీ నుంచి కారే నీటిని కలిపి పలచన చేయండి. ఆర్‌ఓ యంత్రం పక్కకు వదిలే నీరు వృథా పోతోందని మొక్కలకు పోస్తారు చాలామంది. ఉప్పంతా అందులోనే చేరి ఉంటుంది. ఆర్కిడ్‌కు అది పనికిరాదు.

ఎరువు గురించి రెండు మాటలు చాలు. ఎరువుల దుకాణంలో దొరికే నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండి నీటిలో కరిగే 19:19:19 ఎరువును లీటరుకు ఒక గ్రాము మించకుండా, వారానికి ఒకసారి, ముందు మంచినీళ్లతో వేళ్లు తడిపిన తర్వాత పిచికారీ చేయండి. నెలకొకసారి ఉత్త నీళ్లతో కుండీని బాగా కడగండి. మొక్క ఎదుగుతున్నప్పుడే ఇవ్వాలి. చలికాలంలో ఆకులు రాల్చే డెండ్రోబియం ఎఫిల్లమ్ వంటి వాటికి ఆ కాలంలో ఎరువు బంద్, నీళ్లు కూడా దాదాపు బంద్. అలా ఎండబెడితేనే వసంతంలో పూస్తాయి. చచ్చిపోయిందని పారేసే మొక్కల్లో సగం ఈ నిద్రలో ఉన్నవే.

మన ప్రాంతంలో ఎండ కంటే వాన ఎక్కువ మొక్కలను చంపుతుంది. శ్రావణ భాద్రపదాల్లో ముసురు పట్టి రోజుల తరబడి వదలకపోతే ఫెలనోప్సిస్ నడినెత్తిన నీరు నిలిచి, మొవ్వు కుళ్లుతుంది. దాన్ని ముసురు కాలంలో కప్పు కిందకు తేవాలి, లేకుంటే కుండీని పక్కకు వంచి వేలాడదీయాలి, అప్పుడు నీరు జారిపోతుంది. ఆకు మీద నీరు పట్టినట్టు మెత్తని మచ్చ కనిపించి, గంటల్లో పెరుగుతూ దుర్వాసన వస్తే అది బాక్టీరియా కుళ్లు. మచ్చకు అవతల, పచ్చగా ఉన్న చోట నుంచి కోసేసి, కోసిన చోట దాల్చిన చెక్క పొడి అద్ది, నీళ్లు ఆపాలి. దాల్చిన పొడి వేరు మీద పడకూడదు, వేరును ఎండగడుతుంది. కోసిన ప్రతిసారీ బ్లేడును మంట మీద కాల్చాలి, ఆర్కిడ్లకు వచ్చే వైరస్‌లు కత్తి మీదే ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు నడుస్తాయి, వాటికి మందు లేదు. డెండ్రోబియం మీద రాగి మందులు కొట్టకండి, అవి దానికి పడవు. వేసవిలో ఆకు అడుగున ఎర్రనల్లి, కాండం తొడుగుల కింద పొలుసు పురుగు, పిండినల్లి, వానల్లో రాత్రిపూట లేత వేరు కొనలు కొరికే నత్తలు, ఇవి వస్తూనే ఉంటాయి. టార్చి పట్టుకుని రాత్రి చూసి ఏరేస్తే నత్తలకు అంతకంటే మందు లేదు. మిగిలిన వాటికి వేపనూనె, సాయంత్రం పూట.

మామిడి కాలంలో ఒక విచిత్రం జరుగుతుంది. మొగ్గలు నిండుగా వచ్చి, విచ్చుకోకుండానే పసుపుబారి రాలిపోతాయి. మందు కొట్టి, ఎరువు మార్చి విసిగిపోతారు. అదే వసారాలో గడ్డి పరిచి మామిడికాయలు మగ్గబెట్టి ఉంటారు. మగ్గే పండు నుంచి ఇథిలీన్ అనే వాయువు వెలువడుతుంది, ఆర్కిడ్ మొగ్గ దానికి తట్టుకోలేదు. అరటి గెల అయినా అంతే. పండ్లను వేరే గదికి మార్చండి.

తుపాను కాలం మరువకూడదు. 2018 అక్టోబరులో తిత్లీ ఈ జిల్లాను ఏం చేసిందో మీకు నేను చెప్పాలా? హెచ్చరిక రాగానే వల విప్పి చుట్టేయండి, వేలాడే బుట్టలు దించి గదిలో నేల మీద పెట్టండి. రెండు రోజుల చీకటి వాటిని ఏమీ చేయదు. తీరంలో ఉన్నవారు గాలి తగ్గాక ఆకులను మంచినీళ్లతో కడగాలి, ఉప్పు తుంపర పడి ఉంటుంది. తుపానుకు కూలిన చెట్ల కొమ్మల మీద అడవి ఆర్కిడ్లు దొరికితే, అటవీశాఖ వారికి చెప్పి, నిలబడి ఉన్న పక్క చెట్టుకే కట్టించండి.

అడవి మొక్క మాట వచ్చింది కనుక చెబుతాను. సంతల్లో బుట్టలో పెట్టి అమ్మే అడవి ఆర్కిడ్లను కొనవద్దు. ఆర్కిడ్ కాయలో లక్షల విత్తనాలు ఉండవచ్చు, కానీ అవి ధూళి వంటివి, మొలకకు కావలసిన ఆహారం వాటిలో ఉండదు. ప్రకృతిలో ఒక రకం శిలీంధ్రం తోడైతేనే మొలుస్తుంది. ఈ సంగతి 1899లో ఫ్రాన్సులో నోయెల్ బెర్నార్డ్ కనిపెట్టాడు. శిలీంధ్రం లేకుండా చక్కెర కలిపిన జెల్లీ మీద మొలిపించే పద్ధతి 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ చూపించాడు. ఈనాడు మనకు చవకగా దొరికే సంకరాలన్నీ ఆ ప్రయోగశాల దారిలో వచ్చినవే. అడవిలో ఆ సదుపాయం లేదు, గింజ నుంచి పువ్వు దాకా ఏళ్లు పడుతుంది. నీలి వాండా, ఎర్ర వాండా, పాఫియోపెడిలమ్ జాతులను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు తెచ్చారు. మిగతా వాటిని కాపాడటానికి మన వివేకమూ తోడు కావాలి.

చీటీలు కొన్ని వచ్చాయి, చదువుతాను. "మాస్టారూ, పార్సిల్‌లో వచ్చిన మొక్క వాడిపోయి ఉంది, ఎరువు వేయాలా?" వద్దమ్మా. పాత నాచు, కుళ్లిన వేళ్లు తీసేసి, బొగ్గులో కూర్చోబెట్టి, నీడలో ఉంచి, కొత్త వేరు కనిపించేదాకా ఉత్త నీళ్లే. "ముందు గదిలో టీవీ పక్కన పెట్టుకోవచ్చా?" పూసినన్నాళ్లు పెట్టుకోండి, ఏసీ గాలి తిన్నగా తగలకూడదు. పూలు రాలాక బయటికి తీసుకురండి. "ఫెలనోప్సిస్ పూసిన కాడ కొయ్యాలా?" మొక్క బలంగా, కాడ పచ్చగా ఉంటే కింది నుంచి మూడో కణుపు పైన కోయండి, పక్క కొమ్మ వేయవచ్చు. వేసవి ముంగిట ఉన్నాం కాబట్టి నా సలహా మొదలంటా కోసేయమనే, బలం వేళ్లకు పోతుంది.

చివరి చీటీ. "డెండ్రోబియంకు ఆకులు రాలిన పాత కాండాలు అందవికారంగా ఉన్నాయి, కోసేయమంటారా?" కోయకండి. ఆ ఉబ్బిన కాండాల్లోనే నీరు, ఆహారం దాగి ఉంటాయి, వాటి మీద మళ్లీ పూల కాడ రావచ్చు, పిలకలూ రావచ్చు. పిలకకు మూడు నాలుగు వేళ్లు రెండంగుళాలు పెరిగాక విడదీసి నాటుకోండి. కాండం ముడతలు పడి, గోధుమరంగుకు తిరిగి, నొక్కితే లోపల డొల్లగా తగిలినప్పుడు మాత్రమే, కాల్చిన బ్లేడుతో, మొదట్లో ఒక్క కోత.